మూడో అంతస్తుకు వచ్చినవాడు

బలద్, జిద్దా
12 జనవరి 2025

అఖీల్‌కి జమాల్ మామూ సలాములు.

నీ ఉత్తరం షాబాజ్ తెచ్చి నా దుకాణంలో సూట్‌కేసుల మీద పడేసి పోయాడు. జిద్దాకీ మదీనాకీ ఉమ్రా బస్సు నడుపుకునే మనిషికి టపా పని అంటగట్టావు. "ఫోన్లో మాట్లాడుకుంటే నోరు అరుగుతుందా మీకు?" అని తిట్టాడు. మావాడు హదీసులు చదువుతున్నాడు, ఫోన్లో మాటకు సాక్ష్యం లేదంట, చేత్తో రాసి తేదీ వేసి సంతకం పెట్టాలంట అన్నాను. "అయితే ఎవరి మీద కేసు?" అన్నాడు. నామీదే అని చెప్పి టీ తాగించి పంపాను.

ఉర్దూ అక్షరాలు నాకు రావు. రాయచోటి బడిలో ఏడో తరగతి దాకా తెలుగులో వెలగబెట్టిన చదువు నాది. నీ అరబ్బీ ముత్యాల్లాంటి చేతిరాత నాకు గోడమీద చీమల బారు. కాబట్టి తెలుగే మనిద్దరికీ గతి.

ఇక నీ ప్రశ్న. మీ అబ్బా ఇనాయతుల్లా 2006లో ఇక్కడే బలద్‌లో జ్వరంతో చనిపోయాడని నేను అప్పట్లో మీ అమ్మీకి ఉత్తరం రాశాను కదా. ఆ సంగతి నాకు ఎవరు చెప్పారు, చెప్పినవాడు కళ్ళారా చూశాడా అని అడిగావు. చూశాడు నాయనా. నందలూరు గోపాలకృష్ణ అని, ఏసీలు బాగుచేసే మనిషి. మీ అబ్బా ఉన్న ఇంట్లోనే ఉండేవాడు. ఆఖరి గుక్క నీళ్ళు కూడా వాడే పోశాడు. నేనప్పుడు దేశానికి ఆ కొసన, రాస్ తనూరాలో పరంజీలు కట్టే పనిలో ఉన్నాను. వాడు అక్కడికి వచ్చి చెప్పాడు, నేను మీ అమ్మీకి రాశాను. ఇంతే నీ గొలుసు. రెండే లంకెలు, తుప్పు కూడా లేదు.

మీ పంతులుకు నా సలాం చెప్పు. బక్రీదు మేకనైనా ఇన్ని పళ్ళు లెక్కపెట్టి కొనరని చెప్పు.

నీ మామూ,
జమాలుద్దీన్


మదీనా
19 జనవరి 2025

గౌరవనీయులైన మామూకు,
అస్సలాము అలైకుం.

మీ ఉత్తరం చదివి నవ్వాను. ఆ తరువాత గోపాలకృష్ణ గారికి ఫోన్ చేశాను. ఇక నవ్వలేదు.

ఇది మొదట తరగతి పనిగానే మొదలైంది. మా ఉస్తాద్ మాకు రెండు కొలబద్దలు నేర్పుతున్నారు. పాతకాలపు హదీసు పండితులు మాటను తూచే ముందు మనిషిని తూచేవారు. చెప్పినవాడు నిజాయితీపరుడా, జ్ఞాపకం గట్టిదా, ఎవరి దగ్గర విన్నానన్నాడో వారిని నిజంగా కలిశాడా అని. నేటి చరిత్రకారులు అదనంగా కాగితం అడుగుతారు. ఆ కాలంలో రాసింది ఏముంది, ఒకరితో ఒకరికి సంబంధం లేని ఇద్దరు ఒకే మాట చెప్పారా అని. ఇంట్లో తరతరాలుగా చెప్పుకునే ఒక సంగతిని తీసుకుని రెండు కొలబద్దలూ వేసి చూడమన్నారు. నేను అబ్బా మరణం తీసుకున్నాను, అది అన్నింటికన్నా గట్టిదనుకుని.

అమ్మీ పెట్టెలోంచి మీ 2006 నాటి ఉత్తరాన్ని చెల్లి అఫ్రీన్ ఫొటో తీసి పంపింది. శుక్రవారం, అసర్ నమాజు తరువాత, బలద్‌లోని పాత ఇంటి మూడో అంతస్తు, జ్వరం. ఒక కాలికి పచ్చ మేజోడు ఉందని, ఇంకో కాలు బోసిగా ఉందని కూడా రాశారు. ఆ మేజోడు సంగతి నేను మొదటిసారి వినడం. అమ్మీని అడిగితే, "అంత దిక్కులేకుండా పోయినాడని ఎవరితో చెప్పేది నాయనా? ఇస్మాయిల్‌తో కూడా అనలేదు" అంది.

గోపాలకృష్ణ గారు 2005 మార్చిలోనే ఈ దేశం వదిలి వెళ్ళిపోయారు మామూ. పాస్‌పోర్టు మీద ముద్ర ఫొటో పంపారు. అబ్బాను ఆయన ఎన్నడూ చూడలేదు.

దీనిమీద ఏం ఆధారపడి ఉందో మీకు తెలుసు. అమ్మీకి 2009లో ఇస్మాయిల్ అబ్బూతో నికా చదివించిన ఖాజీ, భర్త తప్పిపోయాడన్న లెక్కన కాదు, చనిపోయాడన్న లెక్కన చదివించారు. చేతిలో మీ ఉత్తరం ఒక్కటే ఉంది. ఆనాటికి అబ్బా బతికి ఉంటే ఆ నికా ఏమవుతుంది? పద్నాలుగేళ్ళ అఫ్రీన్ ఏమవుతుంది? అమ్మీకి ఇంకా ఏమీ చెప్పలేదు. రాత్రింబవళ్ళు ఇదే ఆలోచన.

దయచేసి నిజం రాయండి.

మీ అఖీల్


బలద్
24 జనవరి 2025, జుమా

అఖీల్,

దొరికిపోయాను. ముప్పై ఏళ్ళుగా ఈ దేశంలో ఎవరికీ దొరకనివాణ్ణి, మేనల్లుడికి దొరికాను.

గోపాలకృష్ణ దేశం వదిలిపోయాడు, మళ్ళీ రాడు అన్న ధైర్యంతోనే వాడి పేరు వాడుకున్నాను. ఆ ఉత్తరం మొత్తం నా కల్పన. ఎందుకు రాశానంటావా? మీ అబ్బా తనను డ్రైవరు పనికి తెచ్చుకున్న కఫీల్ ఇల్లు వదిలి పారిపోయి అయిదు నెలలైంది. ఫోన్ లేదు, ఉత్తరం లేదు. మీ అమ్మీ సాబేరా ఫోన్ పక్కన చాప వేసుకుని పడుకునేది. అన్నం పెడితే పిల్లికి పెట్టేది. నీకప్పుడు ఆరేళ్ళు. చనిపోయినవాడి కోసం ఆడది నాలుగు నెలల పది రోజులు ఇద్దత్ కూర్చుని లేస్తుంది. తప్పిపోయినవాడి కోసం కూర్చుంటే ఇక లేవదు. అందుకని వాణ్ణి చంపాను, కాగితం మీద.

శుక్రవారం ఎందుకంటే, జుమా నాడు పోయినవాడు పుణ్యాత్ముడని ఆడవాళ్ళకు ఊరట. మేజోడు ఎందుకంటే, అది నా పనితనం. అబద్ధం ఎప్పుడూ మరీ నున్నగా ఉండకూడదు నాయనా. ఎందుకూ పనికిరాని ముక్క ఒకటి అతికించాలి. వినేవాడు "ఇలాంటిది ఎవడు కల్పిస్తాడు?" అనుకుంటాడు. జీవితమంతా ఈ చిట్కాతోనే బతికాను. మా మేనేజరుకు ఒకసారి కడుపునొప్పి అని చెప్పి, ఎడమ చెవిలో కూడా చల్లగా ఉంది సార్ అన్నాను. మూడు రోజులు సెలవిచ్చాడు.

గింజలున్నట్టు ఖాళీ కొంగు చూపించి గుర్రాన్ని పిలిచిన మనిషి దగ్గర హదీసు తీసుకోకుండా తిరిగిపోయిన పండితుడి కథ నువ్వే చెప్పావు. నేను చెల్లెలికే ఖాళీ కొంగు చూపించాను. నా పేరు పక్కన మీవాళ్ళు ఏ మాట రాస్తారో అది రాసుకో.

సాబేరాకు మాత్రం చెప్పవద్దు. కాళ్ళు పట్టుకుంటాను.

జమాల్ మామూ


మదీనా
2 ఫిబ్రవరి 2025

మామూకు,

మీ ఉత్తరం అందాక మూడు రోజులు రాయలేకపోయాను. నా నోటుపుస్తకంలో "కల్పితం" అని రాసి గీత కొట్టాను. అమ్మీకి ఏ మాటతో మొదలుపెట్టాలా అని ఆలోచిస్తూ ఉండగా ఫోన్ మోగింది.

ఆమె పేరు గౌరవ్వ. నందలూరు మనిషి, గోపాలకృష్ణ గారి వీధే. ఇప్పుడు ఖతీఫ్‌లో ఒక ఇంట్లో వంటపని చేస్తోంది. రాయచోటి డ్రైవరు ఒకాయన తన చేతుల్లో పోయాడని ఎప్పుడో ఊళ్ళో చెప్పిందట. అది గుర్తొచ్చి ఆయన నా నంబరు ఆమెకు ఇచ్చారు. ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. నేను మధ్యలో ఒక్క ప్రశ్న కూడా అందించలేదు:

"రెండువేల ఆరు, రంజానుకు వారం ముందు. నేనూ పనిచేసే ఇంట్లోంచి పారిపొయ్యొచ్చి బలద్‌లో రెండో అంతస్తులో ఉంటి. పైన మూడో అంతస్తులో మీ నాయన. ఇకామా కాయితం లేదని, పట్టుకుంటారని ఆసుపత్రికి పోడానికి భయం. నేనే గంజి కాసి తీసుకపోతాంటి. ఆ శుక్రారం కాళ్ళు చల్లబడిపాయ. నా కాడ మేజోడు ఒకటే ఉన్నింది, పచ్చది. దాన్నే ఒక కాలికి తొడిగితి. అసర్ బాంగు అయినంక వాళ్ళ బావ వచ్చినాడు. పొట్టి మనిషి, ఎడమ కంటి కింద గాటు. 'అక్కా, నువ్వు పో, నేనుండా' అన్నాడు. నేను గడప కాడే కూచుంటి. ఆయప్ప చెయ్యి పట్టుకోని ఉండంగానే మీ నాయన పాయ. నేను నీళ్ళకు పొయ్యొచ్చేసరికి ఆ బావ ల్యాడు. అంబులెన్సు వచ్చి తీసకపాయ. పేరు చెప్తే అందరం దొరుకుతామని ఎవురం చెప్పల్యా."

మామూ, మేజోడు మీ ఊహ అన్నారు. అది ఆమె తొడిగినది. మీ ఉత్తరం అమ్మీ పెట్టె దాటి బయటికి రాలేదు. గౌరవ్వ మిమ్మల్ని ఎరుగదు, అమ్మీని ఎరుగదు.

మీ ఎడమ కంటి కింద గాటు ఉంది.

ఇంకొకటి. అబ్బా కఫీల్ ఇంట్లో ఏ గొడవా లేదని అక్కడ పనిచేసిన ఆయన ఒకరు చెప్పారు. మధ్యాహ్నం ఒక ఫోన్ వచ్చిందట, అన్నం కంచం వదిలేసి వెళ్ళిపోయారట. ఎందుకు పారిపోయారో మీకు తెలుసా?

అఖీల్


బలద్
7 ఫిబ్రవరి 2025, జుమా

అఖీల్,

నన్ను ఆటపట్టిస్తున్నావు కదూ? మామూ చేసిన తమాషాలన్నిటికీ కలిపి ఒక్కసారి బదులు తీర్చుకుంటున్నావు కదూ? అవునని ఒక్క ముక్క రాయి, నీకు దుకాణంలో ఉన్నవాటిలో పెద్ద సూట్‌కేసు ఇస్తాను.

నేను అక్కడికి పోలేదు. ఆ శుక్రవారం రాస్ తనూరాలో ఓవర్‌టైములో ఉన్నాను. నమ్మవని తెలుసు, అందుకే ఆ నెల టైము కార్డు దీంతో పెట్టాను. సెప్టెంబరు 15, పొద్దున ఆరుకు లోపలికి, సాయంత్రం ఆరుకు బయటికి. ఫోర్‌మన్ సంతకం ఉంది. రాస్ తనూరా నుంచి జిద్దాకు పదమూడు వందల కిలోమీటర్లు. నేను జిద్దా మొదటిసారి చూసింది 2011లో, ఈ దుకాణంలో చేరినప్పుడు. ఇదీ నీ కాగితం.

నిన్న జొహర్ నమాజు తరువాత షట్టర్ దించి, గౌరవ్వ చెప్పిందని నువ్వు షాబాజ్‌తో చెప్పి పంపిన గుర్తులు పట్టుకుని ఆ ఇల్లు వెతుక్కుంటూ పోయాను. చెక్క కిటికీల పాత ఇల్లు. బాగుచేయడానికి చుట్టూ పరంజీ కట్టారు. కాపలా బెంగాలీకి "భాయ్, ఏక్ మినిట్" అని లోపలికి దూరాను. బయట ఎండ కళ్ళు పొడుస్తోంది, మెట్ల మీద మాత్రం కన్ను కానరాదు. రెండో అంతస్తు దాటాక ఒక మెట్టు విరిగి ఉంది. నా కాలు దాన్ని దాటేసింది. నేను చూడలేదు, అఖీల్. దాటాక వెనక్కి తిరిగి ఫోన్ లైటు వేస్తే, అక్కడ మెట్టు లేదని అప్పుడు తెలిసింది. మలుపులో నా కుడిచెయ్యి తనంతట తానే గోడలోకి పోయింది. అక్కడ గూడు ఉంది. పట్టుకోవడానికి అనువుగా అంచు అరిగిపోయి ఉంది.

పైకి పోలేకపోయాను. కిందికి వచ్చి బెంగాలీ దగ్గర నీళ్ళు తాగాను. "పైన ఎవరున్నారు?" అన్నాడు వాడు. ఎవరూ లేరన్నాను. "మరి ఎవరితో మాట్లాడుతున్నావు?" అన్నాడు.

నేను ఎవరితోనూ మాట్లాడలేదు.

ఫోన్ సంగతి నాకు తెలియదు. దాని గురించి అడగవద్దు.

జమాల్


మదీనా
14 ఫిబ్రవరి 2025

మామూకు,

ఈ ఉత్తరంలో గౌరవం తక్కువైతే మన్నించండి.

నాకు తోచింది ఇది. మీరు ఆ రోజు అక్కడే ఉన్నారు. అబ్బా మీ చేతుల్లో పోయారు. ఇకామా లేనివాడి శవం దగ్గర దొరికితే మీ ఉద్యోగం పోతుందని మెట్లు దిగి పారిపోయారు. కార్డులో ఎవరో స్నేహితుడు మీ బదులు సంతకాలు చేయించాడు. మెట్టు మీ కాలికి గుర్తుంది, గూడు మీ చేతికి గుర్తుంది. దయ్యం కథ నాకు వద్దు. మేజోడు మీరు చూశారు కాబట్టే రాశారు. మొదట గోపాలకృష్ణ అన్నారు, తరువాత కల్పన అన్నారు, ఇప్పుడు పోనే లేదంటున్నారు. మూడు అబద్ధాల కింద ఒక నిజాన్ని పాతిపెట్టారు.

పేర్లు చెప్పకుండా ఉస్తాద్ ముందు పెట్టాను. ఆయన చాలాసేపు కార్డునే చూశారు. "పాత కొలబద్ద వేస్తే ఆమె సాక్ష్యం గట్టిది. కొత్త కొలబద్ద వేస్తే కార్డు గట్టిది. రెండూ గట్టివే అయినప్పుడు తొందరపడి ఒకదాన్ని విరగ్గొట్టకు" అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు. వచ్చిన మనిషి ముఖాన్నే ఆమె పొరబడి ఉంటే, పోయిన మనిషి విషయంలో పొరబడలేదని ఎలా నమ్ముతాం అని. అంటే అమ్మీ నికా ఇప్పుడు గౌరవ్వ చూపు మీద నిలబడి ఉంది. ఆమె తప్ప ఇంకో సాక్షి లేదు.

గౌరవ్వకు ఫైనల్ ఎగ్జిట్ పడింది. ఈ నెలాఖరుకు వెళ్ళిపోతోంది. నాకు పరీక్షలు, కదలలేను. మీరు ఖతీఫ్ వెళ్ళి ఆమెకు కనబడండి. మీరెవరో ముందుగా చెప్పకండి. ఆమె ఏమంటే అది రాయండి. ఒక్క అక్షరం కలపకుండా, ఒక్క అక్షరం తీయకుండా. మీ జీవితంలో ఒక్కసారి.

అఖీల్


ఖతీఫ్
22 ఫిబ్రవరి 2025

నాయనా అఖీల్,

చేపల మార్కెట్ పక్కన టీ దుకాణంలో కూర్చుని రాస్తున్నాను. జిద్దా చేరి షాబాజ్ చేతికి ఇచ్చేదాకా ఇది నా జేబులోనే ఉంటుంది.

నిన్న జుమా తరువాత కలిశాను. నేరుగా పోతే నేను నేనెందుకవుతాను? రాస్ తనూరాలో నాతో పనిచేసిన ప్రసాద్ ఇంకా అక్కడే ఉన్నాడు. రాజమండ్రి వాడు, నాలాగే పొట్టి. వాణ్ణి పిలిపించి, కంటి కింద పెన్నుతో గాటు గీసి, నేను నల్లద్దాలు పెట్టుకుని, ఆమె పనిచేసే ఇంటి వెనక గేటు దగ్గరికి తీసుకుపోయాను. "అక్కా, ఈయనే జమాలుద్దీన్, జిద్దా నుంచి వచ్చాడు. నేను టాక్సీవాణ్ణి" అన్నాను. ఆమె పొరబడితే నాకు ప్రాణం లేచి వస్తుంది. ఆ పొరబాటుతో మీ అమ్మీ నికా పోతుందని కూడా తెలుసు. తెలిసే ఆ పని చేశాను. రాసుకో.

అరవై దాటిన మనిషి. చేతులకు పిండి. ప్రసాద్ వంక చూడనైనా చూడలేదు.

"ఈయప్ప కాదు" అంది. తరువాత నా అద్దాలు తనే తీసేసింది. "ముసిలోడివైపోతివే నాయనా" అంది.

ప్రసాద్ నవ్వబోయి ఆగిపోయాడు. ఆమె గేటు పక్కన గట్టు మీద కూర్చుని నన్నూ కూర్చోమంది.

"ఆ పొద్దు నువ్వు ఆయప్ప చెవిలో చెప్పింది నేను ఇంటి. అడగాలని ఇన్నేండ్లూ ఉన్నింది. 'ఇనాయతూ, ఆ ఫోను చేసింది నేనే, పోలీసు గొంతు నాదే' అంటివి. ఆయప్ప నగినాడు. మూడు దినాల నుంచి నోరు తెరవనోడు నగినాడు. 'తెలుసులే బావా' అన్నాడు. అంతే, పాయ. ఏం ఫోను నాయనా అది?"

అఖీల్, ఇప్పటిదాకా ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు. దేవుడికి కూడా గట్టిగా చెప్పలేదు.

ఆ ఫోన్ నేనే చేశాను. 2006 ఏప్రిల్‌లో, రాస్ తనూరా క్యాంపులో అన్నాలు తిని ఊరికే కూర్చున్నప్పుడు. నాకు అరబ్బీ గొంతులు బాగా వచ్చు. "జవాజాత్ పోలీసులం మాట్లాడుతున్నాం, నీ కాగితాలు దొంగవని తెలిసింది, వస్తున్నాం" అన్నాను. చుట్టూ పదిమంది పడీపడీ నవ్వారు. మళ్ళీ చేసి చెబుదామనుకున్నాను. సాయంత్రం చేస్తే వాడు లేడు. కంచం వదిలేసి పోయాడని నువ్వు రాశావే, ఆ కంచం నాకు అప్పటి నుంచీ తెలుసు.

సెప్టెంబరులో వాడే ఫోన్ చేశాడు. అదీ దాచాను. "బలద్‌లో ఉన్నా బావా, జ్వరం, లేవలేకున్నా, ఒక్కసారి రా" అన్నాడు. ఆ ఫోన్ చేసింది నేనేనని కనిపెట్టి బదులు ఆడుతున్నాడనుకున్నాను. అంత బాగా దగ్గుతున్నాడే అని మెచ్చుకున్నాను కూడా. "నువ్వు చచ్చాక కబురు పెట్టు, వస్తా" అని పెట్టేశాను. మళ్ళీ ఫోన్ రాలేదు. బలద్ అన్నది వాడి నోటి నుంచి వచ్చింది, నా ఊహ కాదు. శుక్రవారం, మూడో అంతస్తు, మేజోడు మాత్రం నా ఊహే. అవి ఎక్కడి నుంచి వచ్చి నా కలంలో కూర్చున్నాయో నాకు తెలియదు.

గౌరవ్వ నా మొహంలోకి చూస్తూ ఉంది. అవునక్కా, నేనే అంటే సరిపోయేది. పంతొమ్మిదేళ్ళుగా నాకు కావలసింది ఆమె నోట్లో తయారుగా ఉంది. వాడు నవ్వాడు, తెలుసులే అన్నాడు. అబద్ధం ఆడటం నాకు ఎంత తేలికో నీకు తెలుసు. నోరు తెరిచాను.

"ఆ పొద్దు నేను రాలేదక్కా" అన్నాను.

ఆమె కోపగించుకోలేదు. నా చెయ్యి తన పిండి చేతుల్లోకి తీసుకుని తిప్పి చూసింది. "వచ్చినావు నాయనా" అంది. "చెయ్యి ఇంత వెచ్చగా మాత్రం ల్యాదు."

నువ్వు అడిగినట్టే రాశాను. ఒక్క అక్షరం కలపలేదు.

ఇక నీ పుస్తకానికి. గౌరవ్వ చూపులో లోపం లేదు. పెన్ను గాటు పెట్టి, అద్దాలు పెట్టి పరీక్షించాను, ముఖం పొరబడలేదు. ఎవరికీ తెలియని మాటను ఆమె చెవులు విన్నాయి. అలాంటి మనిషి మీ అబ్బా పోవడం చూశానంటే చూసినట్టే. 2006లో పోయాడు, 2009లో నికా. మీ అమ్మీ గురించి, అఫ్రీన్ గురించి ఇక నిశ్చింతగా ఉండు. సాబేరాకు ఫోన్ సంగతి నేనే చెబుతాను. రంజాను లోపు చెబుతాను. ఆమె తలుపు మూసేస్తే మూసేయనీ.

కార్డులో కూడా లోపం లేదు. నా బదులు ఎవరూ సంతకం చేయించలేదు. ఆ రోజంతా నేను ఇనుప గొట్టాల మీద నిలబడి పాటలు పాడుతున్నాను.

కాబట్టి అక్కడ ఎవరో కూర్చున్నారు. నా ముఖం ఉంది, నేను చెప్పవలసిన మాట చెప్పారు, మీ అబ్బా చెయ్యి పట్టుకున్నారు. ఆ మన్నింపు దొరికింది అతనికి. నాకు కాదు. అతని పేరు దగ్గర ఏం రాస్తావో మీ ఉస్తాద్‌ను అడుగు, "తెలియదు" అని రాయడానికి మీవాళ్ళకు ఒక మాట ఉండే ఉంటుంది. నా పేరు మాత్రం అక్కడ రాయవద్దు.

నేను పోలేదు.

జమాలుద్దీన్